డబ్బాల వెనుక అక్షరాలు



కంప్యూటరు మొరాయిస్తే మనమందరం ముందుగా అనే మాట ఒకటుంది: "ఫార్మాట్ కొట్టాలె." ఫార్మాట్ అంటే పలక తుడిచినట్టు అంతా తుడిచి, మళ్లీ మొదటి నుంచి సాఫ్ట్‌వేర్ ఎక్కించటం. పలక మీద ఏమీ లేకపోతే పర్వాలేదు. కానీ విలువైనది ఉంటే? 2024 వేసవి సెలవుల్లో రామంతాపూర్‌లో మా అన్న గదిలో ఈ ప్రశ్న వచ్చింది. అప్పుడు నేర్చుకున్నది మీ అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

మా అన్న ఉస్మానియా యూనివర్సిటీలో ఎం.ఏ. చదివేవాడు. రామంతాపూర్‌లో కిరాయి గది. హబ్సిగూడ మీదుగా తార్నాక, అక్కడి నుంచి క్యాంపస్ పోయేవాడు. ఒక పాత కంప్యూటరు కొని, అందులో లినక్స్ వేసుకున్నాడు. లినక్స్ ఉచితంగా దొరుకుతుంది, ఎవరైనా వాడుకోవచ్చు. ఆ కంప్యూటరులో మా అవ్వ చెప్పిన 32 గోండి కథలు, 11 పాటలు టైపు చేసి పెట్టాడు. అప్పటికే మా అవ్వ చనిపోయి ఏడు నెలలైంది. ఆ కథలకు వేరే కాపీ ఎక్కడా లేదు.

ఒక సాయంత్రం కొత్త అప్‌డేటు ఎక్కుతుండగా గాలివాన వచ్చి కరెంటు పోయింది. కరెంటు వచ్చాక ఆన్ చేస్తే తెర నిండా రంగు చారలు. తర్వాత అంతా నలుపు, మూలన ఒక చిన్న గీత మాత్రం మిణుకు మిణుకుమంటోంది. తార్నాకలో ఒక రిపేరు దుకాణంలో అడిగితే "గ్రాఫిక్స్ కార్డు పోయింది, లేకుంటే ఫార్మాట్ చెయ్యాలె" అన్నారు. అన్న ముఖం వాడిపోయింది. క్యాంపస్ హాస్టల్లో ఉండే ఆయన దోస్తు మాత్రం, "అన్నా, తొందరపడకు. తప్పు ఎక్కడుందో ముందు దొరకబడదాం" అన్నాడు.

ఆయన ఏం చేశాడో వరుసగా చెప్తాను.

మొదటిది. పక్కగది వాళ్ల మానిటరు, వైరు తెచ్చి పెట్టి చూశాడు. అదే నలుపు. అంటే తప్పు మన మానిటరుది కాదు, వైరుది కాదు.

రెండవది. పెన్‌డ్రైవ్‌లో లినక్స్ తెచ్చి, దానితోనే కంప్యూటరు నడిపించాడు. దీన్ని లైవ్ అంటారు. లోపలి డిస్కు మీద ఏమీ రాయకుండానే నడుస్తుంది. తెర అద్దంలా వచ్చింది! అంటే గ్రాఫిక్స్ కార్డు బాగానే ఉంది. తప్పు డిస్కు మీద సగం ఎక్కిన సాఫ్ట్‌వేర్‌లో ఉంది. దుకాణం వాళ్ల మాట విని కార్డు కొంటే డబ్బులు దండగ అయ్యేవి.

మూడవది. లైవ్‌లో ఉండగానే డిస్కు తెరిచి కథలు, పాటలన్నీ ఇంకో పెన్‌డ్రైవ్‌కు కాపీ చేశాడు. మరమ్మత్తు తర్వాత, సొమ్ము దాచుకోవటం ముందు. ఈ మాట మీరు బాగా గుర్తుంచుకోవాలి.

నాలుగవది. డిస్కు నుంచి మామూలుగా ఆన్ చేస్తూ, మొదట వచ్చే మెనూలో "నోమోడ్‌సెట్" అనే ఒక్క మాట చేర్చాడు. దాని అర్థం: "డ్రైవరు జోలికి పోకు, మామూలు పద్ధతిలో బొమ్మ చూపించు." డ్రైవరు అంటే కార్డుతో మాట్లాడే ప్రోగ్రాము. తెర వచ్చింది గానీ అక్షరాలు లావుగా, సాగదీసినట్టు ఉన్నాయి. కారణం లెక్కలోనే ఉంది. మా మానిటరుకు అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు. అంటే పది లక్షల పైచిలుకు. ఇప్పుడు 800 ఇంటూ 600 మాత్రమే, అంటే 4 లక్షల 80 వేలు. సగం చుక్కలతో బొమ్మ గీస్తే లావుగానే ఉంటుంది గద!

అయిదవది. ఫోను నుంచి ఇంటర్నెట్ ఇచ్చి, సగంలో ఆగిన ప్యాకేజీలను పూర్తి చేయమని కమాండు ఇచ్చాడు. డ్రైవరు పూర్తిగా ఎక్కింది. ఆ ఒక్క మాట తీసేసి మళ్లీ ఆన్ చేస్తే తెర మామూలుగా వచ్చింది. అన్న కళ్లనీళ్లు తుడుచుకున్నాడు. నాకూ గొంతు పట్టేసింది.

కథలు తెరిచి చూస్తే తెలుగు లిపిలో రాసినవి చక్కగా ఉన్నాయి. కానీ గుంజాల గోండి లిపిలో రాసిన పేజీల్లో అక్షరాలు లేవు, అన్నీ ఖాళీ డబ్బాలు! నేను "పోయినయా అన్నా?" అని అడిగాను. దోస్తు నవ్వి, "అక్షరాలు యాడికీ పోలే తమ్ముడూ" అని ఇలా వివరించాడు.

కంప్యూటరుకు అక్షరం అంటే ఒక నెంబరు. ప్రపంచంలోని లిపులకు నెంబర్లు ఇచ్చే పద్ధతి పేరు యూనికోడ్. తెలుగు 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే ఉంది. మన "అ" నెంబరు 3077. "స్త్రీ" అని రాస్తే లోపల ఆరు నెంబర్లు ఉంటాయి: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. వాటిని కలిపి ఒక్క అక్షరంగా గీసే పని ఫాంటుది, గీసే ప్రోగ్రాముది. ఆ లిపి ఫాంటు లేకపోతే కంప్యూటరు డబ్బా గీస్తుంది. ఆ డబ్బాలను "టోఫు" అంటారట. టోఫు అంటే సోయా పాలతో చేసే పన్నీరు లాంటి తెల్ల ముక్క. టోఫు కనిపించకూడదనే ఉద్దేశంతోనే నోటో అనే ఫాంట్లకు ఆ పేరు పెట్టారు.

గుంజాల మన ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని ఊరే. అక్కడ దొరికిన చేతిరాత పుస్తకాల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. మధ్యప్రదేశ్‌లో పుట్టిన మసరాం గోండి లిపికి 2017లో దొరికింది. రెండూ వేర్వేరు లిపులు, ఫాంట్లు కూడా వేరు. నోటోలో గుంజాల గోండి ఫాంటు తెచ్చి వేయగానే డబ్బాలన్నీ అక్షరాలయ్యాయి. మా అవ్వ మాటలు ఆమె భాషలో, ఆ లిపిలో తెర మీద కనిపించాయి.

మిత్రులారా, మన భాషను చూసి "దీనికి లిపే లేదు" అనేవాళ్లు ఉన్నారు. వాళ్లకు కనిపించేది డబ్బా. అక్షరం దాని వెనుక ఉంది. చూపించే ఫాంటు మనం పెట్టుకోవాలి.

వార్డెన్ సారుకు ఒక మనవి. మన కంప్యూటరు గదిలో ఒక నోటుబుక్కు, ఒక లైవ్ పెన్‌డ్రైవ్ పెట్టించండి. తెర మీద ఏం కనిపించింది, అంతకు ముందు ఏం చేశాము, ఏది మార్చి చూశాము అని అందులో రాసుకుంటాము. ఒక్కసారికి ఒక్కటే మార్చి చూస్తే తప్పు తప్పకుండా దొరుకుతుంది.

తోటి విద్యార్థులకు ఒక మాట. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ అవ్వ, తాత చెప్పే ఒక్క కథైనా రాసుకొని రండి. రెండు చోట్ల దాచి పెట్టండి.

ఇట్లు,
మీ తోటి విద్యార్థి,
10వ తరగతి