వేంగి దారిలో చైనా పండితుడు

ఇటీవల ఒక సెలవు దినాన మేము నాలుగు కుటుంబాలవారము పిల్లలతో కూడ తాడేపల్లిగూడెంలో ఉదయపు రైలెక్కి ఏలూరులో దిగాము. అక్కడినుండి వ్యానులో 12 కిలోమీటర్లు వెళ్తే పెదవేగి. పామాయిలు తోటల మధ్య ప్రశాంతంగా ఉన్న ఈ ఊరే ఒకనాటి వేంగి రాజధాని. తవ్వకాలలో బయటపడిన పాత ఇటుక కట్టడాల దగ్గర నిలబడి, చైనా పండితుడు హ్యూయన్‌త్సాంగ్ ఈ ప్రాంతానికి వచ్చాడని చెప్పగానే, "అంత దూరంనుండి ఇక్కడికెందుకండీ?" అని ఒక పిల్లవాడు అడిగాడు.

మంచి ప్రశ్న! మనవాళ్లు చదువులకోసం విదేశాలకు వెళ్తుంటే చూస్తున్నాము. ఆయన చదువుకోసం మన దగ్గరకు వచ్చాడు. సుమారు క్రీ.శ. 639లో ఆంధ్రదేశంలో అడుగుపెట్టాడు. ఆయన పేర్కొన్న రాజధాని వేంగియేనని చరిత్రకారులు చెబుతారు. నేల సారవంతమైనదని, ఇరవైకి పైగా విహారాలున్నాయని, భాష వేరైనా లిపి మధ్యదేశపు లిపిని పోలి ఉందని రాశాడు. ఇక్కడివారు ఆవేశపరులని కూడ రాశాడు. అది చదివితే మా పెద్దలందరు నవ్వారు గాని కాదనలేదు!

రాజధానికి సమీపంలో ఒంటరి కొండమీద దిఙ్నాగుడు తర్కగ్రంథం రచించాడని ఆయన విన్నాడు. కొండమీద పొగ కనబడితే అక్కడ నిప్పు ఉందని ఏ ఆధారంతో నమ్మాలి? సరైన హేతువు ఏది, తప్పుడు హేతువు ఏది? దిఙ్నాగుని విద్య ఇదే. హ్యూయన్‌త్సాంగ్ 645లో 657 గ్రంథాలతో స్వదేశం చేరి, 649లో దిఙ్నాగుని 'న్యాయముఖం' చైనా భాషలోకి అనువదించాడు. ఆ తర్కవిద్య అక్కడినుండి జపానుకు కూడ చేరింది.

మధ్యాహ్నం గుంటుపల్లి కొండ ఎక్కాము. రాతిని తొలిచిన గుండ్రని చైత్యం లోపల పైకప్పుకు కొయ్య దూలాలవలె రాతి దూలాలు చెక్కి ఉన్నాయి. ఆ చల్లని నీడలో కూర్చుని పిల్లలకు మరొక సంగతి చెప్పాము.

647లో చైనా చక్రవర్తి, లావోత్సు గ్రంథాన్ని సంస్కృతంలోకి మార్చమని హ్యూయన్‌త్సాంగ్‌ను ఆదేశించాడు. 'తావో' అనే మాట దగ్గర చిక్కు వచ్చింది. తావో మతపండితులు దానిని 'బోధి' అనమన్నారు. ఆయన ఒప్పుకోలేదు, 'మార్గం' అనే మాటే సరియైనదని పట్టుబట్టాడు. ఎదుటివారి మాటకు తన మతపు రంగు పూయడానికి ఆయన మనసు అంగీకరించలేదు. ఆ తావో అనే మాటకు తరువాత మరొక యాత్ర కలిగింది. 1919 నాటి చైనా బైబిలులో యోహాను సువార్త ఆరంభాన, మనము 'వాక్యము' అని చదివేచోట, చైనా విశ్వాసులు 'తావో' అని చదువుతారు. ఒక్క మాట ఎన్ని దేశాలకు బాటవేసిందో చూడండి!

సాయంకాలానికి ఏలూరు దాటి కొల్లేరు గట్టుకు చేరాము. దూరాన కొంగల బారులు కనబడుతున్నాయి. ఈ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి కలుస్తాయి. నీరు సముద్రానికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. అది పూడుకుంటే చుట్టుప్రక్కల లంకలు, పొలాలు మునిగిపోతాయి. ఇది ఈ ప్రాంతపు రైతులకు ఎవరూ నేర్పనక్కరలేదు.

ప్రియ చదువరులారా, మన మనస్సు కూడ అంతే కదా! ఎక్కడినుండి వచ్చిన మంచినైనా వినయంతో పుచ్చుకోవాలి. పుచ్చుకున్నదానిని కల్తీ చేయక ఇతరులకు అందించాలి. ఉదయం ప్రశ్న అడిగిన పిల్లవాడు తిరుగు ప్రయాణంలో, "మన దగ్గర నేర్చుకోవడానికి ఇప్పుడెవరైనా వస్తారా?" అన్నాడు. రైలు తాడేపల్లిగూడెం చేరేవరకు ఆ మాటే మా మనస్సులలో మెదులుతూ ఉంది.