రూట్ నిండిపోయిన రోజు

మాది కొయ్యూరు అంటే హాస్టల్‌లో అందరూ అల్లూరి సీతారామరాజు గురించే అడుగుతారు. 1924 మే 7న ఆయన్ని కాల్చేసింది అక్కడే కదా మరి. నాకు మాత్రం ఇప్పుడు ఊరంటే బాబాయ్ నెట్ సెంటర్‌లో నేను పాడుచేయబోయిన సర్వరే గుర్తొస్తోంది.

సర్వర్ అంటే పాత డెస్క్‌టాపే. ఉబుంటు వేసింది నేనే. 500 జీబీ డిస్క్‌లో రూట్‌కి 20 జీబీ చాలనుకుని మిగతాదంతా హోమ్‌కి ఇచ్చేశాను (సెకండియర్ తెలివి!). హోమ్ నిండా ఊళ్లోవాళ్ల స్కాన్ కాపీలు: ఆధార్‌లు, కుల ధ్రువపత్రాలు, 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పోడు పట్టాలు. అసలు కాగితం వానకి తడిసో, చెదపట్టో పోయినవాళ్లకి చూపించుకోడానికి అదొక్కటే ఉంది.

మొన్న సెలవుల్లో వెళ్తే ప్రింట్లు రావట్లేదు. చూస్తే రూట్ 100 శాతం నిండింది. ప్రింట్‌కి పంపిన ఫైల్ ముందు రూట్‌లోనే దిగాలి, అక్కడ చోటు లేదు.

"ఏరా, ఆ కాగితాలకి ఏటీ అవదు కదా?"

"ఏం కాదు బాబాయ్" అనేశాను.

లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి జీపార్టెడ్ తెరిచా. మౌంట్ అయి ఉన్న ఈఎక్స్‌టీ4ని కుదించలేం, అందుకే పెన్‌డ్రైవ్. కుదించడం వరకు సరే. కానీ ఖాళీ రూట్ పక్కకి రావాలంటే హోమ్ మొదలునే కుడికి జరపాలి. అంటే లోపలి డేటా అంతా ఎత్తి పక్కన పెట్టడమే, గంటల పని. మధ్యలో కరెంటు పోతే సగం పాత చోట, సగం కొత్త చోట. బయట వాన. యూపీఎస్ పది నిమిషాలు కూడా ఆగదు. అప్లై మీద మౌస్ పెట్టి ఆగిపోయా.

తెలిసిన మాస్టారి దగ్గర హార్డ్ డిస్క్ అడిగి తెచ్చి, రూట్, హోమ్ రెండూ ఆర్‌సింక్‌తో దాన్లోకి లాగా. పట్టాలు కొన్ని తెరిచి చూశాకే పాత పార్టిషన్లు తీసేశా. ఈసారి మధ్యలో గోడే వద్దనుకున్నా. ఒకటే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ పార్టిషన్, అందులో రూట్‌కొకటి, హోమ్‌కొకటి సబ్‌వాల్యూమ్. ఖాళీ ఇద్దరికీ ఉమ్మడి. అన్నీ తిరిగి కాపీ చేసి, క్రూట్‌లో గ్రబ్ వేసి రీస్టార్ట్ కొట్టా.

90 సెకన్లు లెక్కపెట్టి ఎమర్జెన్సీ మోడ్‌లో పడింది.

వెనక బాబాయ్. ఆయన పక్కన పట్టా ప్రింట్ కోసం పొద్దున్నుంచీ కూర్చున్న తాత. నా చేతులకి చెమట. చివరికి చూస్తే ఎఫ్‌స్టాబ్‌లో పాత యూయూఐడీలే ఉన్నాయి! ఎప్పుడో తీసేసిన పార్టిషన్ కోసం పాపం అది ఎదురుచూస్తోంది. రెండు లైన్లు మార్చి మళ్లీ ఆన్ చేస్తే లేచింది.

తాత ప్రింట్ తీసుకుని పాలిథిన్ కవర్లో పెట్టుకున్నాడు. "ఇంతసేపు ఏటి చేశావు బాబూ?" అన్నాడు. ఏం చెప్పాలో తెలీలేదు.

బాబాయ్ ఆ వారమే సొంతంగా ఒక హార్డ్ డిస్క్ కొన్నాడు. ప్రతి ఆదివారం కాపీ తీసి, ఇంటికి పట్టుకెళ్లి బియ్యం డ్రమ్ము మీద పెడుతున్నాడట.