వెండి రంగు రేపట్లో మేం

మా గురించి రాసేవాళ్లంతా మమ్మల్ని వెనక్కి తిరిగే చూస్తారు. మేమంటే గోరీలు, గుమ్మటాలు, నవాబుల దేవిడీలు, అత్తరు, ముషాయిరా, హలీం. మమ్మల్ని తిట్టేవాడికి మేం పదహారో శతాబ్దం. మమ్మల్ని మెచ్చుకునే సెక్యులర్ మిత్రుడికీ మేం పదహారో శతాబ్దమే. కాకపోతే దానికి గంగా జమునీ తహజీబ్ పూత పూసి ఉంటుంది. ఇరవై ఏళ్లకు పైగా రెండు భాషల పత్రికల్లో పనిచేస్తున్నాం. రంజాన్ వస్తే చార్మినార్ మీద రాయమంటారు. మొహర్రం వస్తే పీర్ల మీద రాయమంటారు. ఎక్కడన్నా బాంబు పేలితే ఖండిస్తూ రాయమంటారు. రేపటి గురించి మీ బస్తీల్లో ఏమనుకుంటున్నారో రాయండి అని ఒక్క ఎడిటరూ అడిగిన పాపాన పోలేదు.

అందుకని ఈసారి రేపటి గురించే రాస్తాం. మా కళ్లతో చూసిన రేపు. అదీ వీడియో గేముల్లో చూసిన రేపు. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు.

యాకుత్‌పురాలో మా గల్లీ చివర ఒక పార్లర్ ఉండేది. బోర్డు లేదు, పరదా ఉండేది. లోపల మూడు టీవీలు, మూడు సోనీ ప్లేస్టేషన్లు. రియాద్‌లో డ్రైవరీ చేసి వాపసొచ్చిన భాయ్ వాటిని మోసుకొచ్చాడు. అరగంటకు 10 రూపాయలు. సీడీలన్నీ దొంగవే, వాటిని ఆడించడానికి సెట్టులో చిప్ వేయించాల్సిందే. ఆడీ ఆడీ అరిగిపోయిన సెట్టును తలకిందులుగా పెడితే గానీ సీడీ చదివేది కాదు. ప్రపంచంలో ఎక్కడి పిల్లలు ఆ సెట్టు వాడినా ఈ తలకిందుల విద్య నేర్చుకునే ఉంటారు.

ఫుట్‌బాల్, కుస్తీ ఆటలకు గిరాకీ ఎక్కువ. మేం మాత్రం మూలనున్న టీవీ దగ్గర కూలబడేవాళ్లం. అక్కడ వైపౌట్ ఉండేది. 1995 సెప్టెంబర్‌లో యూరప్‌లో ప్లేస్టేషన్‌తో పాటే బజారుకొచ్చిన ఆట అది. ఇంగ్లండులో లివర్‌పూల్ ఊరి సైగ్నోసిస్ కంపెనీ తయారుచేసింది. నేలను తాకని బండ్ల పందెం. కథ జరిగేది 2052లో. మరుసటి ఏడాది వచ్చిన రెండో ఆట పేరులోనే 2097 ఉంది. మూడోది 1999లో వచ్చింది. వెండి, నారింజ, మంచు తెలుపు, ట్యూబులైటు నీలం. కత్తితో కోసినట్టుండే అక్షరాలు. గుండెల్లో కొట్టే సంగీతం. మొదటి రెండు ఆటల సీడీలనూ మామూలు ప్లేయర్‌లో పెట్టినా పాటలొచ్చేవి. మా గల్లీలో ఒక టైలరు వాటిని పెట్టుకుని షేర్వానీలు కుట్టేవాడు.

ఆ అక్షరాల సంగతి కొంచెం చెప్పాలి. వైపౌట్‌కు ముద్రలు, జెండాలు, లిపి గీసింది డిజైనర్స్ రిపబ్లిక్ అనే చిన్న సంస్థ. 1986లో షెఫీల్డ్‌లో పుట్టింది. షెఫీల్డ్ అంటే ఉక్కు కార్ఖానాలు వరసగా మూతపడిన ఊరు. లివర్‌పూల్ అంటే ఓడరేవు పని పోయిన ఊరు. ఆ శతాబ్దం చివర రేపటి బొమ్మ ఇట్లా ఉంటుందని మాకు గీసి చూపించింది అట్లాంటి ఊళ్లే. ఈ విషయం మాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. తెలిశాక ఆ ఆట మరింత మాదనిపించింది.

ఎందుకంటే మా ఇంట్లోనూ పని పోయినవాళ్లున్నారు. మా పెద్ద మామూ కాతిబ్. ఛత్తా బజార్‌లో కూర్చుని ఒక ఉర్దూ పత్రికకు వార్తలన్నీ చేత్తో రాసేవారు. తెలుగు పాఠకులకు ఇది వింతగా ఉండొచ్చు. తెలుగు పత్రిక సీసపు అక్షరాలతో అచ్చవుతున్న కాలంలో ఉర్దూ పత్రికను పేజీ పేజీ చేత్తో రాసేవాళ్లు. నస్తాలీఖ్ అక్షరం పక్క అక్షరాన్ని బట్టి వంగుతుంది, జారుతుంది, ఒకదాని మీదకొకటి ఎక్కుతుంది. దాన్ని సీసంలో పోయడం తేలిక కాలేదు. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ వేల సంఖ్యలో జోడు అక్షరాలను కలంతో రాసి కంప్యూటర్‌కెక్కించాడు. అదే నూరీ నస్తాలీఖ్. దాని మీద ఆధారపడి 1994లో మన దేశంలో ఇన్‌పేజ్ వచ్చింది. మూడు నాలుగేళ్లలో మామూ కుర్చీ ఖాళీ అయ్యింది. అప్పట్నుంచి పెళ్లి రుఖాలు, దుకాణాల బోర్డులు. కంప్యూటర్‌ను ఆయన ఎన్నడూ తిట్టలేదు. "లిఖ్తా అచ్ఛా హై, సాంస్ నై లేతా" అనేవారు. బాగానే రాస్తది గానీ ఊపిరి తీసుకోదట.

ఒక మగ్రిబ్ వేళ మమ్మల్ని వెతుక్కుంటూ పార్లర్‌కొచ్చి, పరదా పట్టుకుని నిలబడి తెర వంక చూశారు. చెవులు మెలిపెడతారనుకున్నాం. ఆయన దృష్టి బండి మీద లేదు, పక్కన మెరుస్తున్న రాత మీదుంది.

"యే కౌన్సీ జుబాన్ హై బేటా?"

"జపానీ, మామూ."

"ఏం రాసుంది?"

ఎవరికి తెలుసు? పార్లర్‌లో ఎవరికీ తెలియదు. భాయ్‌కూ తెలియదు. ఆ మాటకొస్తే ఇంగ్లండులో ఆడే పిల్లలకూ తెలియదు. ఆ రోజుల్లో డిజైనర్స్ రిపబ్లిక్ తన బొమ్మల్లో జపాన్ అక్షరాలను అట్లా చల్లేది. చదవడానికి కాదు, చూడగానే రేపు అనిపించడానికి. మామూ కాసేపు ఆలోచించి, "చదవలేకపోయినా ముచ్చట పడుతున్నారన్న మాట" అని వెళ్లిపోయారు.

ఈ మాట పక్కన పెడదాం, మళ్లీ అవసరమవుతుంది.

అదే కాలంలో మా ఊరికీ రేపు వచ్చింది. 1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. గుండ్రటి భవనం, అద్దాల గోడలు, అచ్చం వైపౌట్‌లో మలుపు దగ్గర కనిపించే కట్టడం. మేం బస్సు మీద పోయి బయట నిలబడి చూసొచ్చాం. ఆ ప్రాంతానికి సైబరాబాద్ అని పేరు పెట్టారు. 2003లో ఆ పేరుతో పోలీసు కమిషనరేటే వచ్చింది. పేరు పెట్టినవాళ్లకు ఏ దురుద్దేశమూ లేకపోవచ్చు. కానీ మా చెవులకు వినిపించింది ఇది: హైదర్ పోయి సైబర్ వచ్చాడు. ఆబాద్ మాత్రం మా భాషదే మిగిలింది. దాన్నెందుకో తీసెయ్యలేదు.

ఇక్కడ సెక్యులర్ మిత్రుడొకడు అడ్డం తగులుతాడు. "చూడండి, ఆ ఆటల్లోని రేపట్లో మతం లేదు, గుడి లేదు, మసీదు లేదు. ఎంత హాయి!" నిజమే, మాకూ హాయిగానే ఉండేది. బండి ఎక్కేముందు నీ పేరేమిటి, మీ నాన్న పేరేమిటి అని అడిగేవాడు లేడు. ఇల్లు అద్దెకిచ్చే ఓనరు ముందు నిలబడ్డప్పుడు గొంతులో పడే ముడి అక్కడ పడదు. కానీ కాస్త తేరిపార చూడండి. వైపౌట్‌లో జట్లున్నాయి, జట్లకు దేశాలున్నాయి. యూరప్ ఉంది, జపాన్ ఉంది, కెనడా ఉంది, రష్యా ఉంది. మూడో ఆటకు ఆఫ్రికా తరఫున అస్సెగై వచ్చింది. 2005లో వైపౌట్ ప్యూర్‌కు హరిమౌ వచ్చింది. మలయ్ భాషలో పులి అని అర్థం. అంటే ఆ రేపట్లో పేర్లు లేకపోవడం కాదు, కొందరి పేర్లున్నాయి. ఇంకో సంగతి, ఆ ధగధగలాడే ఊళ్లను ఊడ్చేవాళ్లెవరో ఏ ఆటలోనూ కనిపించరు. మాదాపూర్‌లోనూ అంతే. మా గల్లీ నుంచి ఆ అద్దాల మేడలకు మొదట ఉద్యోగం మీద పోయినవాడు సెక్యూరిటీ గార్డు.

ఆ కాలపు ఆటల్లో ఒక్కటి మాత్రం మా బస్తీని చూసి రాసినట్టుండేది. సెగా కంపెనీ 2000లో డ్రీమ్‌కాస్ట్ మీద తెచ్చిన జెట్ సెట్ రేడియో. రేపటి టోక్యో, చక్రాల బూట్ల పిల్లలు. వాళ్లు చేసే నేరమల్లా గోడల మీద రంగులతో రాయడం. దానికి పోలీసులొస్తారు, ఇన్‌స్పెక్టరు పిస్తోలు తీస్తాడు, తర్వాత హెలికాప్టర్లు, ట్యాంకులు కూడా వస్తాయి. గోడ మీద రాతకు ట్యాంకు! జిద్దా నుంచి వచ్చిన ఒకే ఒక్క సెట్టు మీద మేమది ఆడాం. కర్ఫ్యూలు చూసిన పిల్లలం కదా, అందులో మాకు అతిశయోక్తి కనిపించలేదు.

మా చెల్లెళ్ల గురించి చెప్పకుండా దాటేస్తే అన్యాయం. పార్లర్‌లో ఆడపిల్లలకు చోటు లేదు. ఆటలు హరామ్ అన్న మౌల్వీ సాబ్, ఆటలు మగవాళ్లవి అనుకున్న మేమూ, పరదాకు చెరో వైపు నిలబడ్డవాళ్లమే. ఒక ఈద్‌కు సెట్టును రాత్రికి కిరాయి తీసుకుని ఇంటికి తెచ్చాం. మా చిన్న చెల్లెలు నాలుగో పందేనికే మా అందరినీ దాటేసింది. తెల్లారి సెట్టు వాపసు పోయింది. ఆమె మళ్లీ ఆడలేదు. ఇప్పుడు షికాగోలో ఉంటుంది, కొడుకు ఆడుతుంటే పక్కన కూర్చుని మలుపులు ముందే చెప్తుందట.

ప్లేస్టేషన్ 2 వచ్చాక తెర మీద ఇంకో వింత చేరింది. సెట్టు ఆన్ చెయ్యగానే నల్లని శూన్యంలో నీలి పొగ, అందులో స్తంభాలు నిలబడి కనిపిస్తాయి. అవి ఉత్తి అలంకారం కాదు. మెమరీ కార్డులో ఏ ఆట ఎంత ఆడామో ఆ లెక్క ప్రకారం లేస్తాయి. పార్లర్‌లో ఒక్కటే కార్డు, 8 ఎంబీ. గల్లీ అంతా ఆడిన ఆటలు అందులోనే. రోజురోజుకూ స్తంభాలు పెరిగాయి. ఎవరి పేరు మీదా కాదు, అందరివీ కలిపి. మా బస్తీకి ఒక ఊరు కట్టినట్టుండేది. ఎవరైనా కొత్తవాడొస్తే భాయ్ సెట్టు ఆపి మళ్లీ ఆన్ చేసి మరీ చూపించేవాడు.

2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో పేలుడు. నమాజుకు పోయినవాళ్లే చచ్చిపోయారు, ఆ తర్వాత నమాజుకు పోయేవాళ్లనే పట్టుకుపోయారు. వాళ్లలో నిర్దోషులని తేలినవాళ్లకు కొన్నేళ్లకు ప్రభుత్వమే పరిహారం ఇవ్వాల్సి వచ్చింది. మా పార్లర్‌కూ మనుషులొచ్చారు. పిల్లలు గుంపుగా ఎందుకు చేరుతున్నారు, లోపల ఏం నేర్పుతున్నారు అని అడిగారు. కిరాయి లెక్కల పుస్తకం తీసుకుపోయారు. మెమరీ కార్డు కూడా తీసుకుపోయారు. పేరులో మెమరీ ఉంది కదా, అనుమానం రాకుండా ఉంటుందా! వాళ్లు పోయాక భాయ్ సెట్టు ఆన్ చేశాడు. నీలి పొగ ఉంది. స్తంభాలు లేవు. రెండు నెలలకు పరదా తీసేసి అక్కడ చికెన్ దుకాణం పెట్టుకున్నాడు. ఆ కార్డు వాపసు రాలేదు.

అప్పటికే ఆటల రంగు మారిపోయింది. 2001 సెప్టెంబర్ తర్వాత వెండి పోయి ఇసుక వచ్చింది. 2002 జులై 4న అమెరికా సైన్యమే అమెరికాస్ ఆర్మీ అనే ఆటను ఊరికే పంచిపెట్టింది. 2004లో ఫుల్ స్పెక్ట్రమ్ వారియర్ వచ్చింది, లోకంలో లేని జెకిస్తాన్ అనే దేశాన్ని కల్పించి మరీ దాడి చేయించింది. 2007లో కాల్ ఆఫ్ డ్యూటీ నాలుగో భాగం పేరు కూడా చెప్పకుండా ఒక అరబ్బు దేశం మీదకు పంపింది. పదేళ్ల కింద రేపట్లో మాకు చోటు లేదు. ఇప్పుడు ఇచ్చారు, తుపాకీ గురికి అవతల. ఇంటర్నెట్ సెంటర్లలో మా పిల్లలే ఆ తుపాకీ పట్టుకుని, గడ్డాలున్నవాళ్లను లెక్కపెట్టి కాల్చారు. ఏం చేస్తారు, ఆడుకోవడానికి ఉన్న ఆట అదే.

2009లో దాని తర్వాతి భాగం, మోడర్న్ వార్‌ఫేర్ 2. అందులో కరాచీ గల్లీల్లో కాల్పులు. గోడల మీద, దుకాణాల మీద బోర్డులన్నీ అరబీలో ఉన్నాయి. కరాచీలో బోర్డులు ఉర్దూలో ఉంటాయని కోట్ల రూపాయలు పోసి తీసినవాళ్లకు తట్టలేదు. పాకిస్తాన్ మా దేశం కాదు, కరాచీ మా ఊరు కాదు. ఈ మాట ప్రతిసారీ చెప్పుకోవాల్సి రావడమే మా ఖర్మ. కానీ ఉర్దూ మాది. పే, చే, గాఫ్ అరబీలో ఉండవు. ట, డ అసలే ఉండవు. నస్తాలీఖ్ వాలు ఆ బోర్డుల్లో ఎక్కడా లేదు. అప్పుడు మామూ మాట గుర్తుకొచ్చింది. చదవలేని జపాన్ రాతను రేపు అనుకుని ముచ్చటపడ్డ లోకమే, చదవలేని మా రాతను ప్రమాదం అనుకుంటోంది. రెంటినీ చదవలేదు. ఒకదాన్ని టీ షర్టు మీద వేసుకుంది, రెండోదాన్ని కాల్చాల్సిన గోడ మీద వేసింది. విమానంలో ఉర్దూ పత్రిక విప్పి చూడండి, పక్క సీటువాడి ముఖంలో తేడా తెలుస్తుంది.

పార్లర్ పిల్లల్లో ఒకడు ఇప్పుడు మాదాపూర్‌లోనే ఒక స్టూడియోలో పనిచేస్తున్నాడు. గార్డుగా కాదు. విదేశీ కంపెనీల ఆటలకు గోడలు, తలుపులు, డబ్బాలు గీసిస్తాడు. కిందటేడు వాడికొక పని వచ్చింది. తూర్పు దేశపు బజారు, ఇరవై బోర్డులు, ఏదో ఒకటి అరబిక్‌లా కనిపిస్తే చాలు. వాడు ఆ కాగితం పట్టుకుని తిన్నగా మామూ దగ్గరకొచ్చాడు. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి, చెయ్యి వణుకుతుంది గానీ కలం కాగితానికి తగిలాక వణకదు.

"ఏం రాయాలి?" అన్నారు.

"ఏదైనా రాయండి నానా, ఎవరూ చదవరు."

మామూ కలం కింద పెట్టేశారు. ఏ దుకాణం, ఏం అమ్ముతారు, మాలిక్ పేరేమిటి, ఏ గల్లీలో ఉంది, ఇవి చెప్పకుండా బోర్డెట్లా రాస్తారని కూర్చున్నారు. వాడు ఆఫీసుకు ఫోన్ చేసి రెండు రోజులు గడువు అడిగాడు. ఆ రెండు రోజులూ మేమంతా కూర్చుని ఇరవై దుకాణాలకు పేర్లు పెట్టాం. టైలరు, రొట్టెల భట్టీ, గాజులు, గడియారాల రిపేరు. చెల్లెలు షికాగో నుంచి ఫోన్‌లో చెప్పిన పేరు కూడా ఒకటుంది. పద్దెనిమిదో బోర్డు వీడియో గేమ్ పార్లర్. దానికి మాలిక్ పేరు భాయ్‌ను అడిగే రాశాం. కిరాయి ఎంత రాయమంటావని మామూ అడిగితే, అరగంటకు 10 రూపాయలే ఉండనివ్వమన్నాడు.