ఎరుగక వండిన కూర

కోత పండుగనాడు మా సంఘ స్త్రీలమందరము కలసి ప్రేమవిందు సిద్ధము చేశాము. చేమగడ్డల పులుసు మా వంతుకు వచ్చింది. ఆరాధన ముగియవచ్చిందన్న తొందరలో గడ్డలు ఉడికీ ఉడకకముందే గుండిగ దించాము. చింతపండు కూడా పొదుపుగానే వేశాము. మొదటి ముద్దకే పిల్లలు గొంతు పట్టుకొన్నారు. మజ్జిగ త్రాగించాము. ఎవరికీ అపాయము కలుగలేదు, దేవునికి స్తోత్రము. కాని ఆ రోజు మేము తలయెత్తుకోలేకపోయాము.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో రెండవ రాజులు 4వ అధ్యాయము చదివాము. గిల్గాలులో కరువు. ప్రవక్తల శిష్యులలో ఒకడు పొలమునకు వెళ్లి, తానెరుగని అడవి కాయలు తెచ్చి కూరకుండలో తరిగి వేశాడు. తినేవారు విషమని కేకలు వేశారు. ఎలీషా పిండి వేయించి కూరను బాగుచేశాడు. ఇన్నాళ్లు మాకు ఆ అద్భుతమే కనిపించేది. ఆ రాత్రి మాత్రము కాయలు తెచ్చిన మనిషి కనిపించాడు. అతడు చెడ్డవాడు కాడు, ఆకలిగొన్నవారికి మేలు చేయబోయినవాడే. తెలియకపోవడమే కీడయింది.

చేమగడ్డ, కంద మంచివే. వాటిలో సూదులవంటి సన్నని స్ఫటికములుంటాయి, అవే గొంతులో గుచ్చుతాయి. చెక్కు తీసి, మెత్తగా ఉడికించి, ఆ నీరు పారబోసి, చింతపండుతో వండితే దురద పోతుంది. తరిగేటప్పుడు చేతులకు నూనె రాసుకోవాలి. మూత్రపిండములలో రాళ్లున్నవారు వీటిని తగ్గించుకోవాలి.

చేమగడ్డ గొంతులో గుచ్చి మనలను హెచ్చరిస్తుంది. అన్ని దుంపలూ అలా హెచ్చరించవు. గోదావరి జిల్లాలలో సగ్గుబియ్యము కొరకు పండించే కర్రపెండలము ఒకసారి బంధువులు మా ఇంటికి తెచ్చారు. పిల్లలు పచ్చిదే కొరకబోతే మా అత్తగారు లాక్కొన్నారు. ఆమె చేసినది సరియే. ఆ దుంప నలిగినప్పుడు సైనైడు విషము పుడుతుంది. మందపాటి తొక్క పూర్తిగా తీసి, చిన్న ముక్కలు కోసి, నానబెట్టి, ఎక్కువ నీటిలో మూత లేకుండా బాగా ఉడికించి, ఆ నీరు పారబోయాలి. చేదుగా ఉన్నది తినరాదు.

1981లో ఆఫ్రికాలోని మొజాంబిక్ దేశములో వానలు లేక, జనులు చేదు రకపు కర్రపెండలమును విషము పోయేదాకా ఎండబెట్టకుండానే తిన్నారు. వెయ్యిమందికి పైగా కాళ్లు చచ్చుబడ్డాయి. వారిలో ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు. కరువు ఎరిగిన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతపు మనకు ఆ తొందర అర్థము కానిది కాదు.

ఉర్లగడ్డ పచ్చబడినా, మొలకలు ఎక్కువగా వచ్చినా పారవేయండి. దానిలోని విషము ఉడికినా పోదు. నల్లమల దుంపలలో ఏది కాల్చాలో, ఏది నానబెట్టాలో, ఏది ముట్టరాదో చెంచువారు తరతరాలుగా ఎరుగుదురు. వారు గుర్తుపట్టి చెప్పని దుంపను పొయ్యిమీద పెట్టకండి. వారిని అడగడము మనకు చిన్నతనము కాదు. దుంప తిన్న తరువాత వాంతులు, తలతిప్పుట, ఆయాసము కలిగితే నాటువైద్యముతో ఆలస్యము చేయక 108కి ఫోను చేయండి.

మనము ప్రార్థన చేసి భోజనమునకు కూర్చుంటాము, అది మంచిదే. అయితే ఆ ప్రార్థన నానబెట్టవలసిన పూటకు, ఉడికించవలసిన గంటకు బదులు కాదు. మరుసటి ఏడు కోత పండుగకు మళ్లీ చేమగడ్డల పులుసే మా వంతుకు ఇమ్మని అడిగాము. తెల్లవారకముందే పొయ్యి వెలిగించాము. ఆ రోజు పిల్లలు రెండవసారి వడ్డించమన్నారు.