చిప్పలో చిరునామా

ఏమండోయ్, ఒక్క నిమిషం ఇలా గోడ దగ్గరికి రండి. చేతిలో ఏమిటంటారా? చిప్పలు. నవ్వకండి మరి! సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరులో ఈ గోలేమిటని మా ఆవిడ ఇప్పటికే అడిగేసింది.

మొన్న ఆదివారం మంగళూరు వాళ్ల హోటల్లో మరువాయి సుక్కా, అదే ఆల్చిప్పల వేపుడు, తిన్నాం. కొబ్బరికోరు దట్టంగా పట్టి, ఆహా! సరే, తిండి సంగతి తర్వాత. అందరూ చిప్పలు పక్కకి నెట్టేశారు. నేనొక దాన్ని నిమ్మచెక్కతో రుద్ది లైటు కేసి పట్టాను. పక్క టేబుల్ వాళ్లు నా వంక చూసిన చూపు మీరు చూడాల్సింది.

ఇదిగో, మీరూ చూడండి. పైన అడ్డంగా సన్నని గాట్లు. లోపల అంచు పక్కనే ఒక గీత, కనబడిందా? జీవి ఒళ్లు చిప్పకి అతుక్కున్న జాడ అది. ఒక చివర గుర్రపులాడంలా లోపలికి వంగింది. అక్కడే దాని గొట్టాలు ముడుచుకునేవి. ఒకదాంతో నీళ్లు పీల్చడం, ఇంకోదాంతో వదలడం. తనేమో ఇసుకలో దాక్కుంటుంది, గొట్టాల కొసలు మాత్రం పైకి. ఇంచుమించుగా, గొట్టం పొడుగైతే ఒంపూ లోతు, కాపురమూ లోతు. చచ్చినా చిరునామా చెరగలేదన్నమాట!

ఇప్పుడు రెండోది. మేనత్తగారింటికి కాకినాడ వెళ్లినప్పుడు జేబులో వేసుకొచ్చింది. గోటితో గీయండి. టకటకమంటోంది కదూ? ఇరవై దాకా గట్లు, గట్టు గట్టుకీ బొడిపెలు. కీలు దగ్గర దువ్వెన పళ్లు. ఆ గింజల్లాంటి బొడిపెల్ని చూసే లిన్నేయస్ అనే శాస్త్రవేత్త 1758లో 'గ్రనోసా' అన్నాడు. ఇంగ్లీషులో బ్లడ్ క్లామ్. మనలాగే దీనికీ హిమోగ్లోబిన్ ఉంది, తెరిస్తే ఎర్రగా కారుతుంది. ప్రాణవాయువు తక్కువైన బురదలో బతకాలంటే ఆ మాత్రం సరంజామా ఉండొద్దూ?

లోపల వెతకండి. ఒంపు ఉందా? లేదు! దీనికి గొట్టాలే లేవు. అందుకే లోతుకి పోలేదు. హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండి అలలు చల్లబడ్డ కాకినాడ అఖాతంలో, పై బురదలోనే సర్దుకుంటుంది. పాటు వేళ జనం దిగి ఏరుకునేవారు. కండ కూరకి, చిప్ప సున్నం బట్టీకి. మా అత్తయ్య తాంబూలంలోకి ఆ సున్నమే కావాలనేది.

అన్నట్టు, మూడోదానికి ఎవరో మర పెట్టి తొలిచినట్టు గుండ్రటి కన్నం ఉంది. నత్త పని! ఇసుకలో వెంటాడి, చిప్ప తొలిచి, లోపలిది జుర్రేసింది. చక్కగా దారం కూడా పట్టేలా ఉంది.

నిన్న మళ్లీ ఆ హోటలుకి వెళ్లాం. అడక్కుండానే సర్వరు ఒక పొట్లం తెచ్చి చేతిలో పెట్టాడు. కడిగి, ఆరబెట్టిన చిప్పలు, రెండు డజన్లు. మా ఆవిడ మాత్రం బిల్లు కేసే చూస్తూ కూర్చుంది.