నాలుగు కుడుములు, 180 రూపాయలు

మెనూ కార్డులో అంకెలు మాత్రమే అత్తయ్యకు అర్థమయ్యాయి. ''నాలుగు కుడుములకు నూటెనభై రూపాయలా! అచ్చుతప్పేమో చూడమ్మాయ్'' అన్నారు. అచ్చుతప్పు కాదు. తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో ఈమధ్యే తెరిచిన చైనా హోటల్ అది. బొమ్మలో ఉన్నవి డిమ్ సమ్.

చైనా తిండి మనకేం కొత్త కాదు. సాయంత్రమైతే మా వీధి చివర బండి మీద నూడుల్స్ మూకుడు టకటకా మోగుతూనే ఉంటుంది. కాకపోతే మనం లొట్టలేసుకుంటూ తినే మంచూరియా చైనావాళ్లకు తెలియని వంట. కోల్‌కతాలో పుట్టిన చైనా సంతతి వంటగాడు నెల్సన్ వాంగ్ 1975లో ముంబయిలోని క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో దాన్ని తయారుచేశాడని చెబుతారు. మనలాగే అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించి, చివర్లో మసాలాకు బదులు సోయాసాస్ పోశాడట. అంటే ఇన్నాళ్లూ తిన్నది మన చైనానే! డిమ్ సమ్ అలా కాదు. అచ్చంగా అక్కడిదే. దక్షిణ చైనాలోని గ్వాంగ్జౌ, హాంకాంగ్ టీ దుకాణాల్లో పొద్దున్నే టీతోపాటు తినే చిన్న చిన్న పలహారాలన్నిటికీ కలిపి అదే పేరు. 'గుండెను తాకేది' అని అర్థం చెబుతారు.

ఇదంతా ఇంటర్నెట్‌లో చదువుకున్న మా పాప వారం రోజులు ప్రాణం తీస్తే శనివారం సాయంత్రం అందరం బయల్దేరాం. అత్తయ్య శనివారం నీచు ముట్టరు. 'నేనెందుకులే, ఇంట్లో ఇంత పెరుగన్నం తింటా' అన్నారు. పాప వినలేదు. 'అవ్వ రాకపోతే నేనూ రాను' అని చెప్పులు విప్పేసింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మామయ్య పోయాక, రెండేళ్ల కిందట, కాణిపాకం దగ్గరున్న పల్లె నుంచి ఆవిడ మా దగ్గరకొచ్చేశారు. వచ్చిన కొత్తలో వంటంతా ఆవిడే. తర్వాత కంటి ఆపరేషన్ అయింది. ఒకరోజు పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. ఆవిడ గమనించలేదు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇల్లంతా గ్యాస్ వాసన. భయంతో కాళ్లు వణికాయి. ''ఇక మీరు కూర్చోండత్తయ్యా, నేను చూసుకుంటా'' అన్నాను. మర్యాదగానే అన్నాననుకున్నా. ఆవిడ కూర్చున్నారు. ఆ తర్వాత ఒక్కసారి కూడా వంటింట్లో నాకు అడ్డు రాలేదు. కన్ను కుదుటపడి నెలలు గడిచినా, పొయ్యి దగ్గరకు మళ్లీ రమ్మని నేనూ అనలేదు. నిజం చెప్పొద్దూ... నా డబ్బాలు నేను పెట్టినచోటే ఉండటం నాకూ సుఖంగానే ఉండింది.

వెదురు బుట్ట వచ్చింది. మూత తీయగానే గుప్పున ఆవిరి. లోపల అద్దంలా మెరిసే నాలుగు ముద్దలు, పైపొరలోంచి క్యారెట్, బీన్స్ రంగులు కనబడుతున్నాయి. పాప పుల్లలతో కుస్తీ పడుతుంటే అత్తయ్య ఒకటి చేత్తో తీసుకుని, తినకుండా, దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పారు. వేలితో ఏవో లెక్కపెట్టారు.

''తొమ్మిది మడతలేసినారు. పిండి వేణ్నీళ్లతో కలిపినారు. చన్నీళ్లయితే ఇంత పల్చన రాదు, పగిలిపోతాది.''

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజమని తర్వాత తెలిసింది. గోధుమపిండి ముద్దను నీళ్లలో కడిగి జిగురంతా తీసేస్తే అడుగున పేరుకునే తెల్లటి పిండితో ఆ పైపొర చేస్తారు. జిగురు లేదు కాబట్టి మరిగే నీళ్లు పోస్తేనే ముద్ద అతుక్కుంటుంది. మన బియ్యప్పిండి కథా అదే. వాళ్ల పాత లెక్క ప్రకారం మడతలు ఏడుకు తగ్గకూడదట, పది దాటితే చెయ్యి తిరిగిన పనివాడట.

వంటగదికి అద్దం గోడ ఉంది. చెయ్యి కడుక్కోవడానికి వెళ్లిన అత్తయ్య అక్కడే నిలబడిపోయారు. లోపల డార్జిలింగ్ కుర్రాడు. వాడికి తెలుగు రాదు, ఈవిడకు హిందీ రాదు. ఈవిడ గాల్లో వేళ్లు మడిచి ఏదో అడిగారు. వాడు నవ్వి, అద్దానికి దగ్గరగా వచ్చి, ఒక ముద్దను నెమ్మదిగా మడిచి చూపించాడు. బిల్లు కట్టి పావుగంటైనా ఆవిడ కదల్లేదు. వెదురు బుట్ట ఎందుకో కూడా అక్కడే కనిపెట్టేశారు. ''మన ఇడ్లీపాత్ర మూత నుంచి నీళ్లు కారి కుడుముల మీద పడతాయని గుడ్డ కడతాం గదా. వెదురైతే ఆ తడి అదే పీల్చుకుంటాది.''

రుచి సంగతంటారా? బాగుంది. ఉప్పు తక్కువ, మన నాలుకకు కాస్త చప్పన. 'ఈ నల్లనీళ్లేంది' అని సోయాసాస్‌ను పక్కకు నెట్టి, కారం నూనె అద్దుకుని రెండు తిన్నారు అత్తయ్య. మావారికి కడుపు నిండలేదు. ఇంటికొచ్చి రసం అన్నం తిన్నారు.

మర్నాడు ఆదివారం. ఆరున్నరకి నేను కాఫీ కలుపుతుంటే వంటింటి గడప అవతల నిలబడి అత్తయ్య అడిగారు: ''అమ్మాయ్, రెండు గ్లాసులు బియ్యం నానబెట్టుకోనా? పాపకు కారం కుడుములు చేస్తా. నీకు అడ్డం లేకపోతేనే.''

నలభై ఏళ్లు వినాయక చవితికి ఊళ్లో సగంమందికి కుడుములు పంచిన మనిషి రెండు గ్లాసుల బియ్యానికి నన్ను అనుమతి అడిగారు. కాఫీ గ్లాసు చేతిలో ఉండిపోయింది. ఏం జవాబు చెప్పానో సరిగ్గా గుర్తులేదు. డబ్బా మూత తీసి ఇచ్చినట్టున్నా.

బియ్యం ఆరబెట్టి, మిక్సీలో ఆడించి, జల్లించారు. ఉద్దిపప్పు నానబెట్టి పచ్చిమిర్చి, అల్లంతో బరకగా రుబ్బి, ఆవిరికి ఉడికించి, ఆవాలు, కరివేపాకు తాలింపులో పొడిపొడిగా వేయించారు. అది పూర్ణం. పిండిలో మరిగే నీళ్లు పోసి, చెంచాడు నువ్వులనూనె వేసి, వేడి తగ్గకముందే పిసికారు. ఆ వేడికి నేనైతే చెయ్యి పెట్టలేకపోయాను. పాప, నేను చెరో పక్క కూర్చుని మడతలు వేశాం. నావి నాలుగుకు మించలేదు. పాప ఆరు. అత్తయ్య పదకొండు వేసి, ఎవరూ చూడలేదేమోనని మా ముందుకు జరిపారు.

ఇడ్లీపాత్రకు గుడ్డ కట్టాక స్టవ్ వెలిగించడానికి నేను చెయ్యి చాపాను.

''నువ్వు జరుగమ్మాయ్'' అన్నారు. జరిగాను.