గండికోటలో జేజి క్లోజప్

కెమెరా కొనాలి. 45 మెగాపిక్సెళ్లదా, 24దా? రెండూ అరువు తెచ్చుకుని, పులివెందులలో జేజిని బండెక్కించుకుని, ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా గండికోట చేరాను. ‘మల్లీశ్వరి’ (1951) తీసిన బి.ఎన్.రెడ్డి గారిది నాటి పులివెందుల తాలూకాయే! దానికి కెమెరా పట్టినవారిలో ఆయన తమ్ముడు కొండారెడ్డి గారొకరు. ఈ మోజు మా నీళ్లలోనే ఉందేమో!

కింద పెన్న, ఎదురుగా ఎర్రరాతి గోడ. స్టాండు వేసి 45తో తీస్తే ఆవలిగట్టు పగుళ్లు లెక్కపెట్టొచ్చు. శభాష్!

ఇక జేజి. ఆమెకున్న ఒకే ఒక్క ఫోటో రేషన్ కార్డుది. మాధవరాయస్వామి గుడి నీడలో అదే కెమెరాతో, స్టాండు లేకుండా తీశాను. షట్టరు 60లోనే ఉండిపోయింది. చెయ్యి అదిరింది, జేజి అలుక్కుపోయింది. పిక్సెళ్లు పెరిగితే అదురూ అంత వివరంగా కనబడుతుంది మరి!

రెండోదానికి 85 మిల్లీమీటర్ల లెన్సు తగిలించి, షట్టరు 250కి పెంచాను. 45కీ అలా చెయ్యొచ్చుగా అంటారా? చెయ్యొచ్చు. కానీ అంత డబ్బు దానికే పోస్తే ఈ లెన్సు ఎక్కణ్ణుంచి వస్తుంది? 24 మెగాపిక్సెళ్లంటే 20 అంగుళాల వెడల్పు ప్రింటు నిక్షేపంగా వస్తుంది. ఇంటి గోడకు అది చాలదూ?

జేజి తెరమీద చూసుకుంది.

‘‘ఏంది నాయనా, నా మొగాన ఇన్ని గీతలుండాయా?’’

చెరిపేయనా అన్నాను.

‘‘వద్దులే. పటం కట్టించు.’’